ఒకే టోకెన్ సర్వర్, మూడు వెబ్ యాప్‌లు: గుంటల కాడ సిగ్నల్ పోతే లాగౌట్ ఎందుకవుతోంది?

కావలి_గుంటలు:

అందరికీ నమస్కారం. కావలి, అల్లూరు, విడవలూరు వైపు రొయ్యల సాగు చేసేవాళ్ల కోసం మూడు వెబ్ యాప్‌లు నడుస్తున్నాయి. ఒకటి గుంటల లెక్క: గుంట కాడ ఉండే కుర్రోళ్లు వేసిన మేత, చెక్ ట్రేలో (మేత తిన్నాయో లేదో చూసే పళ్లెం) మిగిలింది, నీళ్ల పీహెచ్, డీఓ (నీళ్లలో కరిగిన ఆక్సిజన్) ఫోన్‌లోనే ఎక్కిస్తారు. రెండోది మేత గోడౌన్ స్టాకు. మూడోది పట్టుబడి రోజు కౌంటు (కిలోకి ఎన్ని రొయ్యలు), తూకం, బిల్లు.

మూడింటికీ మూడు యూజర్ టేబుళ్లు ఉండేవి. ఇప్పుడు 140 మందిలో ఒక్కొక్కరికీ మూడు యాప్‌లకి కలిపి ఒకే లాగిన్ పెట్టి, చిన్న ఆథరైజేషన్ సర్వర్ ఒకటి టోకెన్లు (అనుమతి చీటీల్లాంటివి) ఇచ్చేట్టు రాశాం. నోడ్, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్, 2 జీబీ ర్యామ్ వీపీఎస్ (అద్దె సర్వర్). మూడు యాప్‌లకీ సొంత నోడ్ బ్యాకెండ్ ఉంది, మూడూ ఒకే డొమైన్ కింద సబ్‌డొమైన్లు.

అమరిక ఇట్టా ఉంది: యాక్సెస్ టోకెన్ (ప్రతి రిక్వెస్ట్‌తో చూపేది) జేడబ్ల్యూటీ అనే సంతకం ఉన్న రూపంలో, సంతకం హెచ్‌ఎస్256 పద్ధతిలో, గడువు 1 గంట. రెఫ్రెష్ టోకెన్ (కొత్త యాక్సెస్ టోకెన్ తెచ్చుకోవడానికి పంపేది) 30 రోజులు, ఒకసారి వాడితే ఇంక చెల్లదు, బదులు కొత్తది ఇస్తాం, అదే రొటేషన్. వాడేసిన టోకెన్ మళ్లీ వస్తే దొంగతనం అనుకుని ఆ యూజర్ టోకెన్లన్నీ కొట్టేస్తాం. రెండు టోకెన్లూ బ్రౌజర్ లోకల్ స్టోరేజ్‌లో ఉంటాయి.

టౌన్‌లో ఆఫీసులో కూర్చుని వాడేవాళ్లకు ఏ ఇబ్బందీ లేదు. గుంటల కాడోళ్లకే సమస్య. పొద్దున్నే మేత ఎక్కిద్దామని ఫోన్ తీస్తే లాగిన్ పేజీ వస్తోంది. సర్వర్ లాగ్‌లో ‘ఇన్‌వ్యాలిడ్ గ్రాంట్’ (ఈ టోకెన్ చెల్లదు), దానికి ముందు లైన్లో ‘పాత టోకెన్ మళ్లీ వాడారు’ అని ఉంటోంది. దొంగతనం అయితే కాదు, అదే ఫోన్, అదే బ్రౌజర్.

రొటేషన్ తీసేయాలా? గడువులు ఎంత పెట్టాలి? హెచ్‌ఎస్256 సరిపోతుందా? లేకపోతే ఇదంతా వదిలేసి కీక్లోక్ అనే రెడీమేడ్ లాగిన్ సర్వర్ పెట్టుకోమంటారా?

---

ఒంగోలు_బ్యాకెండ్:

లాగ్‌లో ఆ రెండు లైన్లు పక్కపక్కనే ఉన్నాయంటే కారణం దాదాపు ఖాయం. ఫోన్ పాత టోకెన్ పంపుతుంది. సర్వర్‌కి అందుతుంది. సర్వర్ దాన్ని ‘వాడేశారు’ అని గుర్తు పెట్టి కొత్తది తయారుచేసి జవాబు పంపుతుంది. ఆ జవాబు దారిలో ఉండగా సిగ్నల్ పోతుంది. ఫోన్ చేతిలో ఇంకా పాతదే ఉంది. ఇరవై నిమిషాల తర్వాత సిగ్నల్ రాగానే పాపం అదే మళ్లీ పంపుతుంది. సర్వర్‌కి మాత్రం అది దొంగ లెక్కే.

చాలామంది దీనికి 30 సెకన్ల గ్రేస్ ఇస్తారు: వాడేసిన టోకెన్ 30 సెకన్లలోపు మళ్లీ వస్తే ఇంకో కొత్తది ఇస్తారు. ఆఫీసు వైఫైకి చాలు. గుంట కాడ సిగ్నల్ ఇరవై నిమిషాలు పోతే 30 సెకన్లు ఎందుకూ పనికిరాదు. అట్టాగని గ్రేస్‌ని గంటకు పెంచితే దొంగకీ గంట ఇచ్చినట్టే.

గడియారంతో కాకుండా వాడకంతో తేల్చుకోండి. ఏ-టోకెన్ ఇచ్చి బీ-టోకెన్ తీసుకున్నాడనుకుందాం. బీని ఒక్కసారైనా రెఫ్రెష్‌కి వాడేదాకా ఏ చెల్లుతుంది. ఏ మళ్లీ వస్తే, బీ ఇంకా ఎవరూ వాడలేదు కాబట్టి, బీని రద్దుచేసి బీ2 ఇవ్వండి. బీ వాడేసిన తర్వాత ఏ వస్తేనో, రద్దయిన బీ ఎవరి చేతిలోంచైనా వస్తేనో అప్పుడు కుటుంబం (ఆ లాగిన్ నుంచి ఒకదాని తర్వాత ఒకటి పుట్టిన టోకెన్లు) మొత్తం కొట్టేయండి.

దొంగ దొరుకుతాడా అంటే దొరుకుతాడు. దొంగ ముందుగా ఏ వాడి బీ తీసుకున్నాడు. అసలు మనిషి ఏ పంపితే బీ2 వస్తుంది, బీ రద్దవుతుంది, దొంగ తర్వాతిసారి బీ పంపగానే పట్టుబడతాడు. దొంగ ముందే బీని కూడా వాడేస్తే అసలు మనిషి ఏ పంపిన క్షణమే బయటపడుతుంది. పట్టుకోవడం ఒక అడుగు ఆలస్యం, అంతే. రొటేషన్ మాత్రం తీయొద్దు.

టేబుల్లో ఒక్కో రెఫ్రెష్ టోకెన్‌కి ఒక వరుస: టోకెన్ హ్యాష్, కుటుంబం ఐడీ, యూజర్, క్లయింట్, ఎవరికి బదులుగా పుట్టింది, వాడిన సమయం, రద్దయిన సమయం, గడువు. టోకెన్‌ని ఉన్నదున్నట్టు దాచొద్దు. 32 బైట్ల రాండమ్ కాబట్టి షా-256 హ్యాష్ చాలు, పాస్‌వర్డ్‌లకి వాడే బరువైన ఆర్గాన్ హ్యాష్ దీనికి అక్కర్లేదు. కుటుంబం అంటే ఒక ఫోన్‌లో ఒక లాగిన్. మీరు ఇప్పుడు యూజర్ టోకెన్లన్నీ కొట్టేస్తున్నారు, అందుకే ఒక కుర్రోడి ఫోన్‌లో సిగ్నల్ పోతే అదే లాగిన్ వాడే మిగతా ఫోన్లు కూడా బయటికొస్తుంటాయి.

చదవడం, తేల్చడం, రాయడం మూడూ ఒకే ట్రాన్సాక్షన్‌లో, కుటుంబం వరుసని ‘ఫర్ అప్‌డేట్’తో లాక్ చేసి చేయండి. ముందు సెలెక్ట్, తర్వాత విడిగా అప్‌డేట్ అని రాస్తే రెండు రిక్వెస్టులు ఒకేసారి వచ్చిన రోజున రెండూ ‘ఇంకా వాడలేదు’ అనే చదువుతాయి.

క్లయింట్ వైపు రెండు చూడండి. ఒకటి, రెండు ట్యాబులు ఒకేసారి రెఫ్రెష్ చేయకూడదు. ట్యాబ్ ఒకటికి బీ, రెండుకి బీ2 వచ్చి, చివర్లో స్టోరేజ్‌లో బీ మిగిలిందంటే మళ్లీ లాగౌటే. బ్రౌజర్లో వెబ్ లాక్స్ ఏపీఐ ఉంది, రెఫ్రెష్‌ని ఒక పేరు మీద లాక్‌లో పెట్టండి. లాక్ దొరికాక స్టోరేజ్‌లో టోకెన్ మళ్లీ చదవాలి, లాక్‌కి ముందు చదివింది పంపకూడదు.

రెండోది, ఏ ఎర్రర్ వచ్చినా లాగిన్ పేజీకి పంపే క్యాచ్ బ్లాక్ మీ కోడ్‌లో ఉందేమో వెతకండి. జవాబే రాకపోతే నెట్‌వర్క్ పోయినట్టు, 500, 502, 503 లాంటి కోడ్ వస్తే సర్వర్ ఇబ్బందిలో ఉన్నట్టు. రెండింటికీ కాసేపు ఆగి మళ్లీ ప్రయత్నించాలి. 400తో పాటు ‘ఇన్‌వ్యాలిడ్ గ్రాంట్’ వస్తేనే లాగిన్ పేజీ. అప్పుడు కూడా ఇంకా పంపని మేత ఎంట్రీలు ఇండెక్స్‌డ్ డీబీలో (బ్రౌజర్‌లో ఉండే డేటాబేస్) అట్టాగే ఉండాలి. ప్రతి ఎంట్రీకి ఫోన్‌లోనే ఒక యూయూఐడీ (ఇంకెక్కడా రాని గుర్తు నంబరు) పుట్టించి, సర్వర్లో అది రెండోసారి ఎక్కకుండా దాని మీద యూనిక్ ఇండెక్స్ పెట్టండి. లేకపోతే జవాబు దారిలో పోయిన ప్రతిసారీ అదే 25 కిలోల బస్తా రెండుసార్లు పడుతుంది, గోడౌన్ లెక్క తప్పుతుంది.

సరిచేశాక పరీక్షించడానికి గుంట కాడికి పోనక్కర్లేదు. టెస్ట్ సర్వర్లో ఒక స్విచ్ పెట్టండి: రెఫ్రెష్ పూర్తిగా జరిపి, డేటాబేస్‌లో కమిట్ చేసి, జవాబు రాయకుండా సాకెట్ తెంపేయాలి. అది ఆన్ చేసి ఒకసారి, ఆఫ్ చేసి ఒకసారి రెఫ్రెష్ కొట్టండి. యూజర్ లోపలే ఉండాలి. తర్వాత రద్దయిన బీ పంపి చూడండి, కుటుంబం మొత్తం పోవాలి.

---

నెల్లూరు_టోకెన్:

పైన చెప్పింది అక్షరాలా నిజం, బ్యాకెండ్ లేని యాప్ అయితే అదే దారి. కానీ మీకు మూడు యాప్‌లకీ సొంత నోడ్ బ్యాకెండ్ ఉందన్నారు. అట్టాంటప్పుడు రెఫ్రెష్ టోకెన్‌కి ఫోన్ దాకా వెళ్లే పనే లేదు. రొటేషన్ అనేది గట్టి లైన్ మీద జరగాల్సిన పని. సిగ్నల్ ఊగే చోట చేసినంత కాలం దానికి కట్లు కడుతూనే ఉండాలి.

నేనైతే ఇట్టా పెడతాను. ఫోన్‌కీ యాప్ బ్యాకెండ్‌కీ మధ్య మామూలు సెషన్ కుకీ ఉంటుంది, అది మారదు. యాక్సెస్, రెఫ్రెష్ రెండూ బ్యాకెండ్ దగ్గర సెషన్ వరుసలో ఉంటాయి. రిక్వెస్ట్ వచ్చినప్పుడు యాక్సెస్ టోకెన్‌కి 60 సెకన్ల కంటే తక్కువ మిగిలి ఉంటే బ్యాకెండే ఆథరైజేషన్ సర్వర్‌కి వెళ్లి కొత్తది తెచ్చుకుంటుంది. రెండూ డేటా సెంటర్లో ఉన్నాయి, జవాబు దారిలో పోవడం బహు అరుదు. ఆ అరుదు కోసం 30 సెకన్ల గ్రేస్ ఇక్కడ నిజంగానే చాలు. సెషన్ వరుస మీద లాక్ మాత్రం ఇక్కడా కావాలి, ఒక పేజీ తెరిస్తే అయిదారు రిక్వెస్టులు ఒకేసారి వస్తాయి గదా.

కుకీకి హెచ్‌టీటీపీ ఓన్లీ (స్క్రిప్టులు చదవలేవు), సెక్యూర్, సేమ్‌సైట్ ‘ల్యాక్స్’ గుణాలు పెట్టండి. డొమైన్ అనే గుణం పెట్టొద్దు, పెడితే పక్క సబ్‌డొమైన్లకీ వెళ్తుంది. ఒక మెలిక ఉంది: సబ్‌డొమైన్లన్నీ బ్రౌజర్ దృష్టిలో ఒకే సైటు. కాబట్టి గోడౌన్ యాప్‌లో ఎవరైనా స్క్రిప్ట్ దూర్చితే బిల్లుల యాప్‌ని సేమ్‌సైట్ కాపాడదు. డేటా మార్చే రిక్వెస్టులన్నిటికీ ఆరిజిన్ హెడర్ (ఏ చిరునామా పేజీ నుంచి వచ్చిందో చెప్పేది) సరిచూడండి, మీ యాప్ చిరునామా కాకపోతే 403.

లోకల్ స్టోరేజ్‌లో టోకెన్ ఉంటే పేజీలో నడిచే ప్రతి స్క్రిప్టూ దాన్ని చదవగలదు. ఒక చార్ట్ లైబ్రరీ పాడైనా చాలు.

హెచ్‌ఎస్256 గురించి: అందులో సంతకం పెట్టే తాళంచెవి, సరిచూసే తాళంచెవి ఒకటే. మూడు యాప్‌లకీ ఆ రహస్యం ఇచ్చారంటే మూడింటికీ టోకెన్లు పుట్టించే అధికారం ఇచ్చినట్టే. గోడౌన్ యాప్ నుంచి లీకైతే బిల్లుల యాప్‌లో యజమాని టోకెన్ తయారుచేయొచ్చు. సంతకానికి ఒక కీ, సరిచూడడానికి వేరే కీ ఉండే ఈఎస్256కి మారండి. ప్రైవేట్ కీ టోకెన్ సర్వర్లో మాత్రమే, ఫైల్ పర్మిషన్ 600, గిట్‌లోకి ఎక్కకూడదు. పబ్లిక్ కీలు జేడబ్ల్యూకేఎస్ (పబ్లిక్ కీల జాబితా) చిరునామాలో పెడితే మిగతావాళ్లు తెచ్చుకుంటారు. అదే తరహా ఆర్‌ఎస్256 అయినా తప్పులేదు, కాకపోతే 2048 బిట్ల కీకి సంతకమే 256 బైట్లు అవుతుంది, ఈఎస్256లో 64.

సరిచూసేటప్పుడు ఏ అల్గారిదం అనేది టోకెన్ హెడర్‌ని అడగొద్దు, మీ కోడ్‌లో ‘ఈఎస్256 మాత్రమే’ అని రాసి ఉండాలి. హెడర్‌ని నమ్మితే ‘నన్’ అని రాసి సంతకం లేకుండా పంపేవాడు ఉంటాడు. పబ్లిక్ కీనే హెచ్‌ఎస్256 రహస్యంగా వాడి సంతకం పెట్టేవాడూ ఉంటాడు. సంతకం ఒక్కటే చూసి వదలొద్దు, ఇష్యూయర్ (ఎవరిచ్చారు), ఆడియన్స్ (ఎవరి కోసం), గడువు మూడూ చూడాలి. ఆడియన్స్ ఒక్కో యాప్‌కి వేరు. గోడౌన్‌కి ఇచ్చిన టోకెన్ బిల్లుల దగ్గర చెల్లకూడదు. ఇష్యూయర్ అక్షరం అక్షరం పోలుస్తారు, చివర ‘/’ గీత ఒకచోట ఉండి ఒకచోట లేకపోయినా తిరగ్గొడుతుంది.

టోకెన్ సరిగా లేకపోతే 401, టోకెన్ సరైనదే గానీ ఆ పనికి అధికారం లేకపోతే 403. రెండింటికీ 401 పంపితే క్లయింట్ రెఫ్రెష్ చేస్తూ గిరగిరా తిరుగుతుంది.

---

ఒంగోలు_బ్యాకెండ్:

బ్యాకెండ్ ఉందన్న మాట నేను దాటేశాను. నెల్లూరు_టోకెన్ గారు చెప్పిన అమరికే మంచిది, అదే పెట్టండి. క్యాచ్ బ్లాక్, యూయూఐడీ సంగతులు మాత్రం అందులోనూ అట్టాగే వర్తిస్తాయి.

గడువుల మాట మిగిలింది. ఆథరైజేషన్ కోడ్‌కి (లాగిన్ అయ్యాక యాప్‌కి వచ్చే, టోకెన్లకి మార్చుకునే కోడ్) 60 సెకన్లు (ప్రమాణం 10 నిమిషాలు మించొద్దంటుంది), ఒకసారే చెల్లాలి. యాక్సెస్ టోకెన్‌కి 10 నిమిషాలు. ఎవరినైనా పనిలోంచి తీసేస్తే సెషన్, టోకెన్ కుటుంబం కొట్టేశాక అతని చేతిలో మిగిలేది ఆ 10 నిమిషాలే. మీ 1 గంట ఎక్కువ. రెఫ్రెష్‌కి రెండు గడువులు పెట్టండి: 14 రోజులు వాడకపోతే పోతుంది, వాడుతూ ఉన్నా 120 రోజులకి తప్పనిసరిగా మళ్లీ లాగిన్. వనామీ కల్చర్ ఒకటి ఆ లోపు అయిపోతుంది, పట్టుబడి తర్వాత కొత్త పంటకి కొత్త లాగిన్ అంటే కుర్రోళ్లకీ చెప్పడం తేలిక.

లాగిన్‌కి ఆథరైజేషన్ కోడ్ పద్ధతి, దానితో పీకేసీఈ (కోడ్ దొంగ చేతికి చిక్కినా పనికిరాకుండా చేసే రక్షణ). యాప్ తన పేజీలోనే పాస్‌వర్డ్ అడిగి టోకెన్ సర్వర్‌కి పంపే పాస్‌వర్డ్ గ్రాంట్ వాడుతుంటే మానేయండి. 2025 జనవరిలో వచ్చిన ప్రమాణ పత్రం ఆరెఫ్‌సీ 9700 దాన్ని వాడకూడదనే చెప్పింది.

పీకేసీఈలో తడబడేది ఒకే చోట. 32 రాండమ్ బైట్లని బేస్64 యూఆర్‌ఎల్ రూపంలో రాస్తే 43 అక్షరాల వెరిఫైయర్ (యాప్ తన దగ్గరే దాచుకునే రహస్యం). దాని షా-256ని మళ్లీ అదే రూపంలో రాస్తే ఛాలెంజ్ (ముందుగా సర్వర్‌కి పంపేది), అదీ 43 అక్షరాలే. మీ ఛాలెంజ్ 86 అక్షరాలు వస్తోందంటే హ్యాష్‌ని హెక్స్‌గా మార్చి ఆ అక్షరాలని ఎన్‌కోడ్ చేస్తున్నారన్నమాట. 44 వచ్చి చివర ‘=’ ఉంటే అది తీసేయాలి. ప్లస్, స్లాష్ కనిపిస్తే మామూలు బేస్64 వాడుతున్నారు.

టోకెన్ ఎండ్‌పాయింట్‌కి వచ్చేది ఫారం రూపంలో, జేసన్ కాదు. ఎక్స్‌ప్రెస్‌లో జేసన్ పార్సర్ ఒక్కటే పెట్టుకుంటే బాడీలో ఏమీ రాదు, ‘ఇన్‌వ్యాలిడ్ రిక్వెస్ట్’ అని మీరే పంపుతూ కారణం తెలియక వెతుక్కుంటారు. జవాబు జేసన్‌లోనే, దానికి ‘క్యాష్ కంట్రోల్: నో స్టోర్’ హెడర్ తప్పనిసరి. రీడైరెక్ట్ చిరునామా ముందే నమోదు చేసి ఉన్నది ఉన్నట్టు పోల్చండి, ‘ఈ డొమైన్‌తో మొదలైతే చాలు’ లాంటి సడలింపులు వద్దు.

---

పొదిలి_సర్వర్:

కీక్లోక్ ప్రశ్నకి ఎవరూ జవాబు చెప్పలేదు. అది మంచిదే గానీ జావా మీద నడుస్తుంది. 2 జీబీలో పోస్ట్‌గ్రెస్‌నీ, మూడు నోడ్ యాప్‌లనీ పక్కన పెట్టుకుని దాన్ని నడపడం ఇరుకు. దానికోసమే ఇంకో మెషీన్ ఇవ్వగలిగితే పెట్టండి. లేదంటే నోడ్‌లోనే ‘ఓఐడీసీ ప్రొవైడర్’ అనే లైబ్రరీ ఉంది, మీ సర్వర్ లోపలే నడుస్తుంది, కోడ్, పీకేసీఈ, రొటేషన్, రద్దు అన్నీ రాసి ఉన్నాయి. సంతకాల పనికి ‘జోస్’ లైబ్రరీ. సొంతంగా రాయాల్సింది లాగిన్ పేజీ, యూజర్ టేబుల్, ఎవరికి ఏ స్కోప్ (ఏ పనులకి అనుమతి) అన్నది. ప్రోటోకాల్ మొత్తం చేత్తో రాసుకోవడం మీద నాకు సదభిప్రాయం లేదు, 140 మంది రోజువారీ లెక్క దీని మీద ఆధారపడి ఉంది.

పాస్‌వర్డ్‌కి ఆర్గాన్2ఐడీ హ్యాష్: 19 ఎంఐబీ (దాదాపు మెగాబైట్లే) మెమరీ, 2 రౌండ్లు, సమాంతరం 1. పొద్దున 6 గంటలకి ఒకేసారి 20 మంది లాగిన్ అయితే ఒక్క హ్యాషింగ్‌కే 380 ఎంఐబీ పోతుంది. ఒకేసారి నాలుగుకి మించకుండా క్యూ పెట్టండి, మిగతావాళ్లు కాసేపు ఆగుతారు, సర్వర్ పడిపోదు.

తప్పు పాస్‌వర్డ్‌ల లెక్క ఐపీ మీద మాత్రమే పెట్టొద్దు. మొబైల్ నెట్‌వర్క్‌లో చాలా ఫోన్లు ఒకే ఐపీ వెనక ఉంటాయి. ఒకడు పాస్‌వర్డ్ మర్చిపోయి అయిదుసార్లు కొడితే ఊళ్లో అందరికీ తలుపు మూసుకుంటుంది. యూజర్, ఐపీ జంట మీద 5 తప్పులకి 15 నిమిషాలు, విడిగా ఐపీ మీద చాలా పెద్ద హద్దు.

---

కావలి_గుంటలు:

అందరికీ ధన్యవాదాలు. బ్యాకెండ్ సెషన్‌కే మారుస్తున్నాం, టోకెన్లు కుటుంబం వారీగా రద్దు చేయడం కూడా. టెస్ట్‌లో సాకెట్ తెంపి చూశాం, పాత కోడ్‌లో మొదటి దెబ్బకే లాగౌట్ అయింది, అసలు తప్పు అదే.

ఇంకో వింత. కొత్త టెస్ట్ సర్వర్లో సెషన్లు పుట్టగానే గడువు తీరిపోయినట్టు చూపిస్తోంది. గడువు 1 గంట పెట్టి చూసినా అంతే. 6 గంటలు పెడితే అరగంట బతుకుతోంది. పాత సర్వర్లో ఇది లేదు.

---

పొదిలి_సర్వర్:

6 గంటలకి అరగంట అంటే అయిదున్నర గంటలు, 19800 సెకన్లు ఎక్కడో తీసేస్తున్నారు. మన టైమ్‌కీ యూటీసీకీ ఉన్న తేడా అదే. గడువు కాలమ్ ‘టైమ్‌స్టాంప్’ అని ఉందా, ‘టైమ్‌స్టాంప్ విత్ టైమ్ జోన్’ అని ఉందా చూడండి. మొదటిది అయితే యూటీసీలో రాసిన 6:00ని కొత్త మెషీన్ ఇక్కడి 6:00గా చదువుతోంది, అంటే గడువు అయిదున్నర గంటలు ముందే తీరిపోతున్నట్టే. పాత మెషీన్ యూటీసీలోనే ఉండి ఉంటుంది, అందుకే బయటపడలేదు. కాలమ్ రకం మార్చేటప్పుడు పాత వరుసలు ‘యూటీసీలో ఉన్నాయి’ అని అదే ఆల్టర్ వాక్యంలో చెప్పండి, చెప్పకపోతే పోస్ట్‌గ్రెస్ సెషన్ జోన్‌ని బట్టి మారుస్తుంది.

పనిలో పనిగా జేడబ్ల్యూటీ లోపలి గడువు అంకె కూడా చూడండి. అది సెకన్లలో ఉండాలి, ఇప్పటి కాలానికి 10 అంకెలు. 13 అంకెలు కనిపిస్తే జావాస్క్రిప్ట్ మిల్లీసెకన్లని వెయ్యితో భాగించడం మర్చిపోయారు, ఆ టోకెన్ వేల ఏళ్లు చెల్లుతుంది, ఏ టెస్టూ ఫెయిల్ కాదు కాబట్టి ఎవరికీ తెలియదు. అన్ని మెషీన్ల మీదా క్రోనీ (గడియారం సరిచేసే ప్రోగ్రామ్) నడపండి, సరిచూసేచోట 60 సెకన్ల సడలింపు ఇవ్వండి. ఫోన్ గడియారాన్ని గడువు లెక్కకి అసలు వాడొద్దు.

---

నెల్లూరు_టోకెన్:

కీ మార్చే రోజు గురించి ఒక్క మాట, ఇప్పుడే కోడ్‌లో పెట్టుకోవాల్సింది. ప్రతి కీకి ఒక కిడ్ (కీ ఐడీ) ఇచ్చి టోకెన్ హెడర్‌లో రాయండి. మార్చేటప్పుడు కొత్త పబ్లిక్ కీని ముందు జేడబ్ల్యూకేఎస్‌లో చేర్చాలి, సంతకం ఇంకా పాత కీతోనే. యాప్‌లు కీలని 1 గంట క్యాష్ చేస్తుంటే 2 గంటలు ఆగి, అప్పుడు సంతకం కొత్త కీకి మార్చండి. ఆ తర్వాత పాత పబ్లిక్ కీని ఇంకో 15 నిమిషాలు ఉంచి తీసేయండి, 10 నిమిషాల టోకెన్లూ 60 సెకన్ల సడలింపూ ఆ లోపు అయిపోతాయి. తెలియని కిడ్ కనిపిస్తే యాప్ జేడబ్ల్యూకేఎస్ మళ్లీ తెచ్చుకోవచ్చు, కానీ 5 నిమిషాలకి ఒకసారికి మించకూడదు. ఆ హద్దు లేకపోతే ఎవడో దొంగ కిడ్‌లతో టోకెన్లు కురిపించి మీ యాప్‌ల చేతే మీ టోకెన్ సర్వర్‌ని కొట్టిస్తాడు.